కదలని పిట్ట

ఆగస్టు చివర మా దీవిలో పిల్లలు నిద్రపోరు.
పఫిన్ కూనలు బొరియల్లోంచి తొలిసారి ఎగిరి
చందమామ అనుకుని రేవు దీపాల మీద పడతాయి.
చేపల గోదాము వెనకా, లారీల చక్రాల కిందా
టార్చిలైట్లతో వెతికి, అట్టపెట్టెల్లో పట్టుకొస్తారు.

పొద్దున ఆ పెట్టెలన్నీ నా తరగతి గదిలో.
చేపకంపు, రెట్ట, గీపెట్టే ముక్కులు.
గణాంకశాస్త్రం, మొదటి సంవత్సరం.

స్వాలా ఒక్కో కూననీ పాత ఊలు మేజోడులో దూర్చి
త్రాసు మీద పెట్టింది.
ఇరవై ఐదు కూనలు.
సగటు రెండువందల అరవై రెండు గ్రాములు,
చెదురు ముప్పై.
ముప్పైని ఇరవై ఐదు వర్గమూలంతో భాగిస్తే ఆరు.
పట్టికలో ఇరవై నాలుగో వరస: రెండుకి రవ్వంత ఎక్కువ.
హెచ్చవేస్తే పన్నెండు, చిల్లర.

"రెండువందల యాభైకీ, డెబ్బై నాలుగుకీ మధ్య."
సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకుంది.
"అసలు సగటు ఇందులో ఉండటానికి
నూటికి తొంభై ఐదు పాళ్ళు అవకాశం."

నేను నోరు తెరిచేలోగా
పెట్టెలు మోసుకొచ్చి కిటికీ పక్కన కూలబడ్డ
వాళ్ళ తాత బ్రిన్యోల్ఫుర్ దగ్గాడు.
యాభై వేసవులు కొండ అంచున నక్కి
పొడుగు కర్ర వలతో
గాల్లో పిట్టని గాల్లోనే పట్టినవాడు.

"వల విసిరాక, పిల్లా,
పిట్ట ఉంటే ఉంది, లేకపోతే లేదు.
వలలో తొంభై ఐదు పాళ్ళ పిట్టని
నేనెప్పుడూ చూడలేదు.
నూరు విసుర్లకి తొంభై ఐదు తగులుతాయంటే
ఆ మాట నా చేతి గురించి.
ఈ ఒక్క విసురు గురించి కాదు."

ఇరవై ఏళ్ళుగా నేను బోర్డు మీద
ఇంత తేటగా చెప్పలేకపోయాను.
కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

"తేడా ఒకటుంది" అన్నాను, పరువు నిలుపుకోవడానికి.
"మీ పిట్ట ఎగురుతుంది. మా పిట్ట కదలదు.
చీకట్లో ఒకే రాతి మీద కూచుని ఉంటుంది.
ఎగిరేది మా వలే.
నిన్నటి పెట్టెలకి ఒక చోట పడుతుంది,
రేపటి పెట్టెలకి ఇంకో చోట.
చిక్కిందో లేదో
వల ఎత్తి చూసుకునే రాత మాకు లేదు."

ముసలాయన చాలాసేపు ఆలోచించాడు.
"పాపం" అన్నాడు.
నన్నో, పిట్టనో.

వల సగానికి తగ్గాలంటే
కూనలు నాలుగింతలు కావాలి,
అన్ని పెట్టెలు ఈ దీవిలో లేవు.
నూటికి నూరు పాళ్ళూ కావాలంటే
వల సముద్రమంత నెయ్యాలి.
అది ఎప్పుడూ తప్పదు,
ఎప్పుడూ ఏమీ చెప్పదు.

మధ్యాహ్నం అందరం కొండ అంచుకి నడిచాం.
గాలికి మాటలు సగమే వినిపిస్తున్నాయి.
"టీచర్, దీపాలకి మోసపోనివో?
సూటిగా నీళ్ళలోకి పోయినవి?
వాటిని మనం తూచనే లేదు."

లేదు.
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు,
కుండ కలియబెట్టి ఉన్నప్పటి మాట అది.
మేము పట్టి చూసినవన్నీ
అంచుకి అంటుకున్న మెతుకులు.

స్వాలా మోకాలి మీద నోటుపుస్తకం ఆనించి
'దీవి కూనలన్నిటి సగటు' అన్నది కొట్టేసి
'వీధుల్లో దొరికినవాటిది' అని రాసింది.
అంకెలు అవే. ఒక్కటీ మారలేదు.

తర్వాత పెట్టె తెరిచింది.
అన్నిటికన్నా బక్కది,
రెండువందల ఆరు గ్రాములు,
మా వలకి చాలా కింద,
రెండు చేతుల్లో దాన్ని ఊపి, పైకి విసిరింది.

రాయిలా పడింది. పడింది.
పడటం ఎక్కడ ఆగి ఎగరడం మొదలైందో
ముగ్గురం మూడు చోట్ల చూపించాం.